రిచర్డ్ గెర్‌స్టల్ నవ్వును నవ్వుగానే చూద్దాం

వియన్నాలోని బెల్వెడేర్ మ్యూజియంలో రిచర్డ్ గెర్‌స్టల్ తనను తాను గీసుకున్న ఒక చిన్న తైలవర్ణ చిత్రం ఉంది. నలభై సెంటీమీటర్ల ఎత్తుకు అటూ ఇటూగా ఉండే ఆ కాన్వాసు నిండా ఒక యువకుడి ముఖమే ఉంటుంది. సూటిగా మనవైపే చూస్తూ, పళ్లు కనబడేలా నోరు తెరిచి నవ్వుతూ ఉంటాడు. మ్యూజియం వారు దాన్ని 1907 నాటిదిగా చెబుతారు. ఆ చిత్రకారుడు 1908 నవంబర్ 4న, ఇరవై అయిదేళ్ల వయసులో తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఈ రెండు సమాచారాలూ పక్కపక్కన చేరగానే, ఎవరూ చెప్పకుండానే చదివేవారి మనసులో మూడో మాట ఒకటి పుట్టుకొస్తుంది. అది మతి చలించిన వాడి నవ్వనీ, చావుకు ముందరి నవ్వనీ, నోరు నవ్వుతున్నా కళ్లలో భయం దాగి ఉందనీ అనుకుంటాం. గెర్‌స్టల్ గురించి వచ్చిన రాతల్లో అధిక భాగం ఈ మూడో మాటనే రకరకాలుగా చెబుతాయి. అది ఆ బొమ్మకు అన్యాయం చేస్తున్నదనీ, ఆ బొమ్మతో పాటు నాలుగేళ్ల అసాధారణ కృషికి కూడా అన్యాయం చేస్తున్నదనీ నా వాదన.

ముందుగా ఆ నవ్వు సంగతి చూద్దాం. ఎదుట ఉన్న మనిషి నవ్వును గీయడం చిత్రకళలో అత్యంత కష్టమైన పనులలో ఒకటి. నవ్వు క్షణకాలం ఉండి పోయేది, కుంచె పనికి గంటలు కావాలి. తన నవ్వును తానే గీసుకోవాలంటే అద్దం ముందు నిలబడి, నోటిని తెరిచి ఉంచి, ఆ నోటిని అలాగే నిలబెట్టి, అదే సమయంలో కళ్లతో తన ముఖాన్ని పరీక్షగా చూసుకుంటూ ఉండాలి. ఇది ఎవరైనా అద్దం ముందు నిలబడి తేల్చుకోగల విషయం. కొద్దిసేపటికే నోరు నవ్వుతూనే ఉంటుంది, కళ్లు మాత్రం నవ్వడం మానేస్తాయి, ఎందుకంటే అవి అప్పుడు పని చేస్తున్నాయి. విమర్శకులు పిచ్చి అని పేరు పెట్టిన ఆ నోటికీ కళ్లకూ మధ్య పొంతన లేకపోవడం, నా దృష్టిలో, ఏకాగ్రతతో పనిచేస్తున్న చిత్రకారుడి చూపు తప్ప మరొకటి కాదు. అతడు దాన్ని సరిదిద్ది అందంగా చేయలేదు, కనబడినదాన్ని కనబడినట్లు ఉంచాడు.

ఇలాంటి అధ్యయనాలు కొత్తవేమీ కావు. రెంబ్రాంట్ 1630 ప్రాంతంలో అద్దం ముందు నవ్వుతూ, కోపగిస్తూ, నివ్వెరపోతూ తన ముఖాన్నే చిన్నచిన్న రాగిరేకుల మీద చెక్కుకున్నాడు, వాటిలో నవ్వుతున్న ముఖం కూడా ఉంది. వియన్నా విషయానికే వస్తే, ఒకప్పుడు అక్కడి అకాడమీలోనే పాఠాలు చెప్పిన శిల్పి ఫ్రాంట్స్ జేవర్ మెస్సర్‌ష్మిట్, తన జీవితపు చివరి సుమారు పదమూడేళ్లలో, అద్దంలో తన ముఖాన్ని రకరకాలుగా వికారం చేసుకుని చూస్తూ పదులకొద్దీ తలలను మలిచాడు. బెల్వెడేర్‌లో అవి కూడా ఉన్నాయి. ఆ తలలనూ చాలాకాలం మతిభ్రమణానికి సాక్ష్యాలుగానే చదివారు. కళాచరిత్రకారుడూ మనోవిశ్లేషకుడూ అయిన ఎర్న్‌స్ట్ క్రిస్ 1932లో ఆ దిశలోనే ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. అంతకు ఒక్క సంవత్సరం ముందే, అదే నగరంలో గెర్‌స్టల్ చిత్రాలు మొట్టమొదటిసారి ప్రజల ముందుకు వచ్చాయి. ముఖం మామూలుగా లేకపోతే దాని వెనక రోగాన్ని వెదకడం ఆ కాలపు వియన్నాకు అలవాటైన చదువు. మనం ఇంకా ఆ చదువునే చదవాలా అన్నది నా ప్రశ్న.

గెర్‌స్టల్ 1883 సెప్టెంబర్ 14న వియన్నాలో, కలిగిన యూదు వర్తకుడి కుటుంబంలో పుట్టాడు. బడిలో క్రమశిక్షణకు లొంగలేదు. పదిహేనేళ్ల వయసులో, 1898లో, లలితకళల అకాడమీలో చేరాడు. అక్కడ అతడికి దొరికిన గురువు క్రిస్టియన్ గ్రీపెన్‌కెర్ల్, పురాణ చారిత్రక దృశ్యాలను పాత పద్ధతిలో చిత్రించే వృద్ధ ఆచార్యుడు. కొన్నేళ్ల తరువాత, మున్ముందు పేరుపొందిన చిత్రకారుడు ఏగాన్ షీలె కూడా ఈయన తరగతిలోనే చేరి, ఈయనతోనే గొడవపడి బయటికి వచ్చాడు. గెర్‌స్టల్‌కూ ఈయనకూ ఏనాడూ పొసగలేదు. 1900, 1901 వేసవుల్లో గెర్‌స్టల్ అప్పటి హంగరీలో ఉన్న నాజ్‌బాన్యాకు, ఆరుబయట కూర్చుని బొమ్మలు వేయడం నేర్పే షీమొన్ హోలోషి దగ్గరకు వెళ్లాడు. ఆ ఊరిలోని వెలుతురు తరువాతి అతని తోటల చిత్రాలకు ఎంతో కొంత పనికి వచ్చి ఉంటుందని నా అభిప్రాయం. ఏమైనా, చిన్నతనం నుంచీ చివరిదాకా అతడు ఏ గురువు కిందా, ఏ గుంపులోనూ కుదురుగా నిలవలేదు.

తొలి గొప్ప రూపచిత్రం 1905 నాటి 'ఫే అక్కచెల్లెళ్లు'. కరొలీనే, పౌలీనే అనే ఇద్దరు యువతులు తెల్లటి విందుదుస్తుల్లో పక్కపక్కన కూర్చుని ఉంటారు. కాన్వాసు దాదాపు నిలువెత్తు మనిషంత ఉంటుంది. వెనకంతా చీకటి. ఆ చీకటిలోంచి రెండు పాలిపోయిన ముఖాలూ, పెద్ద పెద్ద తెల్లని గౌన్లూ ముందుకు తేలి వచ్చినట్లు ఉంటాయి. మామూలుగా ఇలాంటి చిత్రంలో యువతుల అందమూ, వారి ఇంటి హోదా, గౌన్ల నాణ్యతా కనబడాలి, అందుకే డబ్బున్న ఇళ్లవారు చిత్రకారులను పిలిపించేవారు. గెర్‌స్టల్ కుంచె వీటిలో దేన్నీ పట్టించుకోదు. గౌన్ల అంచులను వదులు వదులుగా వేసిన తెల్లరంగు చారలతో సరిపెడతాడు, చేతులను వేళ్లు విడివిడిగా తెలియనంత ముద్దగా వదిలేస్తాడు. ముఖాల్లో కళ్లను మాత్రం మనవైపు తిప్పి నిలబెడతాడు. ఆ ఇద్దరూ చూడబడుతున్నట్లు ఉండరు, వాళ్లే మనల్ని చూస్తున్నట్లు ఉంటారు.

ఇదే సంవత్సరాల్లో వియన్నాలో రూపచిత్రం అంటే గుస్టావ్ క్లిమ్ట్. 1905లో మార్గరేటె స్టోన్‌బరో విట్‌గెన్‌స్టైన్‌ను, 1906లో ఫ్రిట్సా రీడ్లర్‌ను, 1907లో ఆడెలె బ్లాక్ బవర్‌ను ఆయన చిత్రించాడు. ఆ చిత్రాల్లో ముఖమూ చేతులూ మృదువుగా, వాస్తవంగా ఉంటాయి. మిగిలిన దేహమంతా అలంకారంలో, బ్లాక్ బవర్ విషయంలో బంగారు రేకులో, కరిగిపోతుంది. క్లిమ్ట్ ప్రతిభను నేను తగ్గించి చెప్పడం లేదు, ఆడెలె చిత్రం అంతటి ఘనమైన పని మరొకటి ఆ దశాబ్దంలో అరుదు. కానీ ఆ పద్ధతిలో ఒక ఒప్పందం ఉంది. కూర్చున్న మనిషి ముఖాన్ని చిత్రకారుడు భద్రంగా తిరిగి ఇచ్చేస్తాడు, సాహసమంతా బట్టల మీదా గోడ మీదా చేస్తాడు. గెర్‌స్టల్ సాహసాన్ని నేరుగా ముఖం మీదికి తెచ్చాడు. తన చిత్రాలను క్లిమ్ట్ పనితో కలిపి ప్రదర్శించే అవకాశం వస్తే అతడు కాదన్నాడని మిత్రులు చెప్పిన కథ ఒకటి ప్రచారంలో ఉంది. దాన్ని పొగరుగా చెప్పుకుంటారు. రెండు రకాల చిత్రాలనూ పక్కపక్కన చూస్తే, అది పొగరు కన్నా ఎక్కువగా అవగాహనతో తీసుకున్న నిర్ణయంలా నాకు తోస్తుంది.

చిత్రకారుల గుంపులకు దూరంగా ఉన్న ఈ యువకుడు సంగీతకారుల మధ్యకు వెళ్లాడు. సంగీతమంటే ప్రాణం, కచేరీలు వదిలేవాడు కాదు. 1906 ప్రాంతంలో సంగీతకర్త ఆర్నోల్డ్ షోన్‌బెర్గ్ కుటుంబంతో పరిచయం కుదిరి, క్రమంగా ఆ ఇంటి మనిషిలా మారాడు. షోన్‌బెర్గ్, ఆయన భార్య మటిల్డే, మటిల్డే అన్న అయిన సంగీతకర్త అలెగ్జాండర్ జెమ్‌లిన్‌స్కీ, శిష్యుడు ఆల్బాన్ బెర్గ్, బెర్గ్ చెల్లెలు స్మరాగ్డా, ఇలా ఆ వలయంలోని మనుషులే అతని రూపచిత్రాల్లో వరుసగా కనిపిస్తారు. షోన్‌బెర్గ్‌కు బొమ్మలు గీయడంలో తొలి మెళకువలు చూపింది కూడా అతడే అన్నది చాలామంది నమ్మే మాట. తరువాతి కాలంలో షోన్‌బెర్గ్ ఆ మాటను ఒప్పుకోలేదు. ఆయన 1910 నాటి 'ఎర్రని చూపు' లాంటి చిత్రాలు చూసినవారు, ఆ ఇంట్లో ఎవరి కాన్వాసులు ఆరుతూ ఉండేవో గుర్తు చేసుకోకుండా ఉండలేరు.

ఈ కాలపు పనిలో నన్ను ఎక్కువ ఆకట్టుకునేది ఒక శైలిని పట్టుకుని కూర్చోకపోవడం. ఒకచోట చుక్కలు చుక్కలుగా రంగు పెడతాడు, ఒకచోట వెడల్పు కుంచెతో ఈడుస్తాడు, మరోచోట రంగును ముద్దలుగా వదిలేస్తాడు. కళాచరిత్రకారుడు ఎర్న్‌స్ట్ డీట్స్ రూపచిత్రంలో మనిషి సూటిగా, స్తంభంలా నిలబడి ఉంటాడు. 1907లో తన అన్న అలోయిస్‌ను సైనిక దుస్తుల్లో చిత్రించినప్పుడు ఆ యూనిఫారం తెచ్చే దర్పం పెద్ద కాన్వాసు మీద రంగు తునకల మధ్య నిలవలేక సడలిపోతుంది. ఏ మనిషికి ఆ మనిషికి సరిపోయే పద్ధతిని వెదుకుతున్నవాడి పని ఇది. మెట్టు మెట్టుగా పిచ్చిలోకి దిగుతున్నవాడి చేతికి ఇంత వివేచన ఉండదు.

1908 వేసవి అతని జీవితంలోనూ, పనిలోనూ కీలకమైనది. ఆ జూన్‌లో చక్రవర్తి ఫ్రాంట్స్ జోసెఫ్ గద్దెనెక్కిన అరవై ఏళ్ల ఉత్సవాల్లో భాగంగా వియన్నాలో పెద్ద ఊరేగింపు జరిగింది. అప్పటికి గెర్‌స్టల్ గురువుగా ఉన్న హైన్రిఖ్ లెఫ్లర్ ఆ ఏర్పాట్లలో ముఖ్యుడు. ఈ లెఫ్లరే ఇతని ప్రతిభ గుర్తించి, విడిగా స్టూడియో ఇస్తానని ఒప్పుకుని తన తరగతిలోకి పిలిచినవాడు. ఊరేగింపు పనులు చేయడం చిత్రకారుడికి తగదని గెర్‌స్టల్ ముఖం మీదే చెప్పడంతో ఆ సంబంధం చెడింది. విద్యార్థుల ప్రదర్శనలో తన చిత్రాలకు చోటు దక్కకపోతే మంత్రిత్వశాఖకే ఫిర్యాదు రాశాడు. ఈ ఫిర్యాదు సంగతి జీవితకథల్లో ఒక వాక్యంతో దాటిపోతుంది. నాకు మాత్రం అది ముఖ్యం. తన పనిని జనం చూడాలని కోరుకోని మనిషి ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోడు. గెర్‌స్టల్ చిత్రం ఒక్కటీ అతని జీవితకాలంలో ప్రదర్శనకు రాలేదన్నది నిజమే. దాన్ని ఏకాంతప్రియుడి స్వభావానికి మాత్రమే ముడిపెట్టడం సరికాదు.

అంతకు ముందటి ఏడాదిలాగే ఆ వేసవిలోనూ షోన్‌బెర్గ్ కుటుంబం ట్రౌన్ సరస్సు ఒడ్డున, గ్ముండెన్ దగ్గర గడిపింది. గెర్‌స్టల్ కూడా అక్కడికే వెళ్లాడు. జులై నెలలో అతడు వేసిన చిత్రాలు యూరప్ చిత్రకళలో ఆనాటికి మరెక్కడా కనబడని స్వేచ్ఛతో ఉంటాయి. జెమ్‌లిన్‌స్కీ సరస్సు ముందు లేతరంగు దుస్తుల్లో నిలబడి ఉన్న పొడవాటి చిత్రంలో ముఖం ఇంకా గుర్తుపట్టేలా ఉంటుంది. 'షోన్‌బెర్గ్ కుటుంబం' అనే చిత్రానికి వచ్చేసరికి ఆ మిగిలిన తాడు కూడా తెగిపోతుంది. ఇప్పుడు వియన్నాలోని మూమోక్ మ్యూజియంలో ఉన్న ఈ కాన్వాసులో తండ్రి, తల్లి, కూతురు గెర్‌ట్రూడ్, పసివాడు గేయోర్గ్ పచ్చని గడ్డిలో ఒకచోట చేరి ఉంటారు. దగ్గరికి వెళ్తే ముఖాల్లో ముక్కూ నోరూ ఉండవు. మందంగా, తడి మీద తడిగా వేసిన పసుపు, గులాబీ, ఆకుపచ్చ రంగులు మాత్రమే ఉంటాయి. కళ్లు ఉండాల్సిన చోట రెండు నల్లటి మరకలు ఉంటాయి. కాస్త వెనక్కి నడిస్తే ఇది ఒక కుటుంబమని క్షణంలో తెలిసిపోతుంది. ఎవరు పెద్ద, ఎవరు చిన్న, ఎవరు ఎవరిమీదకు వాలి ఉన్నారు, ఎవరు కొంచెం బిగుసుకుని ఉన్నారు అన్నదంతా కూర్చున్న తీరులోనే ఉంది.

ఇక్కడ నేను కాస్త ఆగి చెప్పాలి. దూరం నుంచి వస్తున్న మన ఇంటి మనిషిని మనం ముక్కూ ముఖమూ కనబడకముందే నడక చూసి పోల్చుకుంటాం. ఆ పోల్చుకోవడం ముఖం చూసి గుర్తుపట్టడం కన్నా తక్కువది కాదు, ఒక్కోసారి అంతకన్నా లోతైనది. రూపచిత్రానికి కావలసిన పోలిక ముఖంలోనే ఉండాలన్న శతాబ్దాల నమ్మకాన్ని ఈ చిత్రం పక్కన పెడుతుంది, పెట్టి కూడా రూపచిత్రంగానే నిలుస్తుంది. తరువాతి కాలపు వ్యాఖ్యాతలలో కొందరు ఈ చెరిగిన ముఖాల్లో, గెర్‌స్టల్ ప్రేమించిన మటిల్డే భర్త షోన్‌బెర్గ్ మీది ద్వేషాన్ని చూశారు. అలాగైతే మటిల్డే ముఖమూ, పసిపిల్లల ముఖాలూ అదే తీరుగా ఎందుకు చెరిగాయో వారు చెప్పవలసి ఉంటుంది. ఆ వేసవి తోటల్లో అతడు వేసిన చెట్లూ గడ్డీ కూడా అలాగే చెదిరి ఉన్నాయి. ద్వేషం చెట్ల మీద కూడానా?

ఆగస్టు చివర ఏం జరిగిందో అందరికీ తెలిసిన కథ. గెర్‌స్టల్‌కూ మటిల్డేకూ మధ్య సాన్నిహిత్యం బయటపడింది, ఆమె కొన్నాళ్లు ఇల్లు వదిలి అతనితో వెళ్లింది, షోన్‌బెర్గ్ శిష్యుడు ఆంటన్ వేబర్న్ నచ్చజెప్పిన మీదట పిల్లల కోసం తిరిగి వచ్చింది. ఆ వలయమంతా గెర్‌స్టల్‌కు తలుపులు మూసింది. నవంబర్ 4 సాయంత్రం షోన్‌బెర్గ్ శిష్యుల కచేరీ జరుగుతుండగా, అతడు తన స్టూడియోలో ఉత్తరాలనూ కాగితాలనూ, కొన్ని చిత్రాలనూ కాల్చి, జీవితం ముగించుకున్నాడు. ఇంతకు మించి ఆ రాత్రి వివరాలను ఏకరువు పెట్టడం నాకు ఇష్టం లేదు.

నా వాదనకు ఎదురునిలిచే చిత్రం ఒకటుందని ఒప్పుకోవాలి. లియోపోల్డ్ మ్యూజియంలో ఉన్న నిలువెత్తు నగ్న స్వీయచిత్రం మీద తేదీ ఉంది: 1908 సెప్టెంబర్ 12. మటిల్డే వెళ్లిపోయిన తరువాతి రోజుల్లో, తన పుట్టినరోజుకు రెండు రోజుల ముందు, సాధారణంగా సంతకం గానీ తేదీ గానీ పెట్టని మనిషి ప్రత్యేకంగా తేదీ వేశాడు. అంటే ఆ రోజును గుర్తుంచాలన్న ఉద్దేశం అతనికే ఉంది. ఈ చిత్రాన్ని జీవితం నుంచి విడదీసి చదవమని నేను అనను. అయినా దాని పక్కన, అదే మ్యూజియంలో ఉన్న కొన్నేళ్ల ముందటి అర్ధనగ్న స్వీయచిత్రాన్ని పెట్టి చూడమంటాను. నీలి నేపథ్యం ముందు, నడుముకు తెల్లని గుడ్డ చుట్టుకుని, చేతులు వేలాడదీసి, చుట్టూ వెలుగుతో నిలబడ్డ యువకుడు అందులో ఉన్నాడు. దేహాన్ని దాచకుండా చూపడమన్న ఆలోచన మటిల్డేతో పరిచయానికి ముందే అతనిలో ఉంది. 1908లో అతడు ఆ వెలుగును తీసేశాడు, ఆ గుడ్డను తీసేశాడు. విషాదం ఆ చిత్రానికి సందర్భం ఇచ్చింది. ప్రశ్న మాత్రం పాతదే.

అతడు పోయాక కుటుంబం చిత్రాలన్నిటినీ ఒక గిడ్డంగిలో పెట్టించింది. చుట్టలుగా చుట్టిన కాన్వాసులు ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉండిపోయాయి. 1931లో అన్న అలోయిస్, అదే సైనిక దుస్తుల్లో తమ్ముడు చిత్రించిన అలోయిస్, వాటి సంగతిని వియన్నాలోని నోయె గాలరీ యజమాని ఒట్టో కల్లిర్‌కు చెప్పాడు. కల్లిర్ వాటిని బాగుచేయించి, జాబితా రాసి, అదే ఏడాది ప్రదర్శన పెట్టాడు. ఇవాళ అరవైకీ డెబ్బైకీ మధ్య చిత్రాలు, కొద్దిపాటి రేఖాచిత్రాలు మనకు మిగిలాయంటే అందుకు మనం ఆయనకు రుణపడి ఉన్నాం. కాకపోతే, ఆ ప్రదర్శనకు ఆయన పెట్టిన పేరు 'ఒక చిత్రకారుడి విధి'. పత్రికలు ఆస్ట్రియా వాన్ గో అని రాశాయి. ప్రజలు ఆ చిత్రాలను చూసిన మొదటి రోజునుంచే వాటి ముందు చావు వచ్చి నిలబడింది.

ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. సంతకాలు, తేదీలు దాదాపు లేకపోవడం వల్ల, ఉత్తరాలూ కాగితాలూ కాలిపోవడం వల్ల, ఏ చిత్రం ముందుది, ఏది వెనకది అన్న క్రమాన్ని పండితులు చాలావరకు శైలిని బట్టీ, జీవిత ఘటనలను బట్టీ నిర్ణయించారు. కలతగా కనబడే చిత్రాన్ని కలత పడ్డ కాలానికి జరపడం, ఆపైన ఆ చిత్రాన్నే చూపించి చూశారా ఎంత కలత పడ్డాడో అనడం ఈ పద్ధతిలో తేలికగా జరిగిపోయే పొరపాటు. 'నవ్వుతున్న స్వీయచిత్రం' 1907 నాటిదే అయితే, అది గ్ముండెన్ చివరి వేసవికి ముందుది, బయటపడిన రహస్యానికి ముందుది, మూసుకున్న తలుపులకు ముందుది. అప్పుడు ఆ నవ్వును వీడ్కోలు నవ్వుగా చదవడానికి ఆధారమేమీ మిగలదు.

జీవితకథ వదిలేస్తే ఇతడిని పట్టించుకునేవారే ఉండరని కొందరు అనవచ్చు. విషాదమే కదా చాలామందిని అతని చిత్రాల దాకా నడిపించింది, అందులో తప్పేముంది అని అడగవచ్చు. నన్ను కూడా మొదట అక్కడికి నడిపించింది ఆ కథే. అయితే ఆ కథ చిత్రం దాకా తెచ్చి వదిలిపెట్టాలి, చిత్రం ముందు నిలబడ్డాక కూడా చెవిలో చెబుతూనే ఉండకూడదు. పైగా అలా చెబుతూ ఉన్నంతకాలం ఒక అసలు ప్రశ్న మరుగున పడుతుంది. వియన్నాలోనే చదువుకున్న చిత్రకారుడు ఆస్కార్ కొకోష్కా ప్రసిద్ధ రూపచిత్రాలు మొదలైంది 1909లో, షీలె నగ్న స్వీయచిత్రాలు వచ్చింది 1910లో. ఆ రెంటికీ ముందే వాటిలోని ప్రశ్నలను వేసి, వాటి దాకా చేరకుండానే గిడ్డంగిలో ఉండిపోయిన చిత్రాలను చరిత్రలో ఎక్కడ పెట్టాలి? ఆ ఇద్దరి మీదా ప్రభావం చూపలేదు కాబట్టి ఆధునికతకు మూలపురుషుడు అనలేం. ఎవరినీ అనుసరించలేదు కాబట్టి పాత యుగపు చివరి పేజీలో కలిపేయనూ లేం. ఒకే నగరంలో, గెర్‌స్టల్ పని జనం కంట పడకుండానే, ముఖాన్ని కొత్తగా చూడాలన్న తపన పలువురికి దాదాపు ఒకేసారి కలిగిందంటే, ఆ నగరంలో ఏదో పెద్ద కారణం పనిచేస్తున్నదన్నమాట. గెర్‌స్టల్ అందుకు అన్నిటికన్నా బలమైన సాక్షి. అతడిని ప్రేమలో ఓడిపోయిన యువకుడిగా కుదించినంతకాలం ఆ సాక్ష్యం ఎవరూ వినరు.

2017లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని షిర్న్ ప్రదర్శనశాలలోనూ, న్యూయార్క్‌లోని నోయె గాలరీలోనూ, 2019లో లియోపోల్డ్ మ్యూజియంలోనూ జరిగిన పెద్ద ప్రదర్శనలు అతని పనిని మొత్తంగా పక్కపక్కన పెట్టి చూసే వీలు కల్పించాయి. ఇకముందు అలాంటి ప్రదర్శన ఎవరైనా తలపెడితే చేయమని కోరేది ఒకటుంది. స్వీయచిత్రాలన్నిటినీ ఒక గదిలో కూర్చి చావు వైపు నడిపించే వరుసలో పెట్టవద్దు. నవ్వుతున్న చిన్న ముఖాన్ని రెంబ్రాంట్ రాగిరేకుల ముద్రల పక్కనా, మెస్సర్‌ష్మిట్ తలల పక్కనా పెట్టండి. ఫే అక్కచెల్లెళ్లను క్లిమ్ట్ గీసిన ఫ్రిట్సా రీడ్లర్ ఎదురుగా వేలాడదీయండి, రెండూ బెల్వెడేర్ వారివే కాబట్టి ఇది కష్టమైన పని కాదు. షోన్‌బెర్గ్ కుటుంబ చిత్రాన్ని అదే వేసవిలో వేసిన చెట్ల చిత్రాలతో కలిపి చూపండి. ఆత్మహత్య సంగతిని గది గుమ్మం దగ్గరి పలక మీద కాకుండా, ఆ కాన్వాసులు ఇరవై ఏళ్లు ఎవరికీ కనబడకుండా ఎందుకు ఉండిపోయాయో చెప్పే చోట, తేదీతో సహా, ఒక్కసారి రాయండి.